ఒక్కసారికి ఒక్క తూటా

టెక్సస్ మైదానంలో ఒక వృద్ధుడు తన ముత్తాత తుపాకికి తానే తూటాలు తయారు చేసుకున్నారు. వాటిలో ఒకటి పేలవలసినట్లు పేలలేదు. ఆ తప్పులో నా వంతు కూడా ఉన్నది.

ఆ చప్పుడు వినగానే ఏదో పొరపాటు జరిగిందని తుపాకి ఎన్నడూ పట్టని నాకు సైతం తెలిసిపోయింది. ఆ ఉదయం అంతవరకు పేలిన ప్రతి తూటా పిడుగువలె గర్జించి, ముందు ఒక తెల్లని పొగమబ్బును నిలబెట్టింది. ఈసారి వినవచ్చినది సీసా బిరడా ఊడినంత చప్పుడు మాత్రమే. పొగ లేదు. తుపాకి ఆయన భుజాన్ని వెనక్కి తన్నలేదు. దూరాన ఉన్న కాగితపు లక్ష్యం మీద కొత్త రంధ్రమేదీ పడలేదు.

"ఎవరూ కదలకండి" అన్నారాయన, తల తిప్పకుండానే. తుపాకిని భుజం నుంచి దించలేదు. గొట్టం లక్ష్యం వైపునుంచి వెంట్రుకవాసి కూడా పక్కకు జరగలేదు. అలాగే ఒక నిమిషంపాటు నిశ్చలంగా కూర్చున్నారు. ఆలస్యంగా అంటుకునే మందు ఉంటుందట. మీట నొక్కిన కొన్ని క్షణాల తరువాత పేలే తూటా ఉంటుందట. అందుకని ఆ నిరీక్షణ. అరవై సెకండ్లు ఎంత సుదీర్ఘమైనవో నాకు ఆనాడు తెలిసినది.

నేను వృత్తిరీత్యా అనువాదకుణ్ణి. ఆంగ్ల సాహిత్యం చదువుకున్నవాణ్ణి. తుపాకులతో నాకు ఉన్న పరిచయమంతా నవలల పుటలలోనిదే. టెక్సస్ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడి ఇంట్లో రెండు నెలలు గడపడానికి వెళ్ళినప్పుడు, వాళ్ళ పొరుగున ఉన్న ఈ పెద్దాయనతో స్నేహం కుదిరింది. డెబ్బయ్యవ పడి దాటిన మనిషి. పూర్వం లోహపు పనిముట్లు తయారుచేసే కర్మాగారంలో పనిచేసి విరమించారు. "అన్నయ్యా, ఆయనతో ఒక్కరోజు మైదానానికి వెళ్ళిరా. నీ పుస్తకాలలో దొరకనిది చూస్తావు" అన్నాడు మా తమ్ముడు.

నాకు మనస్సు అంగీకరించలేదు. ఆ దేశంలో తుపాకుల వల్ల జరిగే అనర్థం సామాన్యమైనది కాదు. ఒక్క 2021వ సంవత్సరంలోనే 48 వేలమందికి పైగా తుపాకి గుండ్లకు బలి అయినారు. వారిలో సగానికి మించినవారు తమను తామే కాల్చుకున్నవారు. మన దేశంలో 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం అనుమతి పత్రం లేనిదే సామాన్యుడు తుపాకి ఉంచుకోరాదు. అటువంటి దేశంనుంచి వెళ్ళిన నేను, ఇంటింటా తుపాకి ఉన్న వీధిలో రాత్రిపూట నిద్రపట్టక దొర్లినమాట నిజం. ఈ మాట దాచకుండా ఆయనతోనే చెప్పాను. ఆయన నొచ్చుకోలేదు. "మీరు భయపడడం న్యాయమే. భయం లేనివాణ్ణి నేను మైదానానికి రానివ్వను" అన్నారు.

నిదానించిన ఆయుధం

ఆయన బీరువాలో ఉన్న తుపాకులు రెండే. రెండూ ఒక్కసారికి ఒక్క తూటా మాత్రమే పట్టేవి. పేల్చిన తరువాత మూత తెరచి, ఖాళీ డొల్లను తీసి, మరొకదానిని చేతితో పెట్టి, మళ్ళీ మూసుకోవాలి. ఒకటి 1874 నమూనా షార్ప్స్ రైఫిలు. పాతదానికి అచ్చంగా నకలుగా మోంటానా రాష్ట్రంలోని బిగ్ టింబర్ అనే చిన్న ఊళ్ళో తయారయినది. దాని అడుగున ఉన్న మీటను కిందికి లాగితే, గొట్టం వెనుక ఉక్కు దిమ్మ తలుపువలె కిందికి జారుతుంది. రెండవది నిజంగా పాతది. రెమింగ్టన్ సంస్థవారి "రోలింగ్ బ్లాక్" రైఫిలు. బొటనవేలితో దాని దిమ్మను వెనక్కి దొర్లిస్తే తెరచుకుంటుంది, ముందుకు దొర్లిస్తే మూసుకుంటుంది. ఆయన ముత్తాత కొన్నది.

ఆ కాలపు తుపాకుల చరిత్రలో కీర్తి ఉన్నది, కళంకమూ ఉన్నది. 1870ల దశకంలో ఉత్తర అమెరికా పచ్చికబయళ్ళలో కోట్ల సంఖ్యలో తిరిగిన బైసన్ అనే అడవిదున్నలను చర్మాలకోసం వేటగాళ్ళు కూల్చివేసినది ఇటువంటి బరువైన రైఫిళ్ళతోనే. 1880ల చివరికి ఆ ఖండం మొత్తం మీద మిగిలినవి సుమారు వెయ్యి. ఆ పశువులనే నమ్ముకుని బ్రతికిన ఆదిమ జాతుల జీవనం వాటితోపాటే కూలిపోయింది. "మా ముత్తాత ఆ పని చేశాడో లేదో నాకు తెలియదు. చేయలేదని మాత్రం చెప్పలేను" అన్నారు పెద్దాయన.

కీర్తి సంగతి వేరు. 1874 సెప్టెంబరు 26న న్యూయార్కు సమీపాన, లాంగ్ ఐలండ్‌లోని క్రీడ్‌మోర్ మైదానంలో ఐర్లండు జట్టుకూ అమెరికా జట్టుకూ పందెం జరిగినది. జట్టుకు ఆరుగురు. 800, 900, 1000 గజాల దూరాలనుంచి, ఒక్కొక్క దూరంలో మనిషికి పదిహేను గుండ్లు. ఐరిష్‌వారు గొట్టం మూతినుంచి మందు దట్టించే రిగ్బీ రైఫిళ్ళు తెచ్చారు. అమెరికన్లు వెనుకనుంచి తూటా పెట్టే షార్ప్స్, రెమింగ్టన్ రైఫిళ్ళు పట్టారు. ఐరిష్ జట్టులో మిల్నర్ అనే ఆయన పొరపాటున పక్కవారి లక్ష్యాన్ని కొట్టాడు. గుండు సరిగ్గా నడిబొడ్డున తగిలినది, కాని లెక్కకు రాలేదు. చివరి గుండు మిగిలేసరికి ఐర్లండు 931, అమెరికా 930. ఆ గుండు కాల్చవలసినది కర్నల్ బోడైన్. అంతకు కొద్దిసేపటి క్రితమే అల్లపు పానీయం సీసా పగిలి ఆయన చేయి కోసుకుపోయింది. చేతికి రుమాలు చుట్టుకుని కాల్చాడు. నాలుగు మార్కులు. 934–931. తప్పు లక్ష్యానికి తగిలిన ఆ ఒక్క గుండే లేకుంటే ఫలితం తారుమారయ్యేది.

ఈ కథ చెప్పి, పెద్దాయన నవ్వారు. "మిల్నర్ గురి తప్పలేదు. ఆయన ధ్యాస తప్పినది. ఈ ఆటలో మనిషిని ఓడించేది అదే."

పాట్నా నుంచి వచ్చిన మాట

మైదానానికి వెళ్ళే ముందురోజు సాయంకాలం, ఆయన తూటాలు తయారుచేస్తూండగా చూడడానికి వెళ్ళాను. కారు నిలిపే కొట్టంలో ఒక మూల బల్ల. దానిమీద త్రాసు, కఱ్ఱదిమ్మలో వరుసగా నిలబెట్టిన ఇత్తడి డొల్లలు. ఒకసారి పేలిన డొల్లను పారవేయరు. అడుగున పాడైన ప్రైమరును పొడిచి తీసి, డొల్లను కడిగి, ఆకారం సరిచేసి, కొత్త ప్రైమరు బిగిస్తారు. తరువాత మందు, దానిమీద అట్టబిళ్ళ, ఆపైన సీసపు గుండు. చూడడానికి ఇంతే.

ఆ తూటా పేరు .45-70. అమెరికా సైన్యం 1873లో స్వీకరించినది. మొదటి అంకె గుండు వ్యాసం, అంగుళంలో నూరింట నలభైయయిదు వంతులు. రెండవది మందు బరువు, డెబ్బయి గ్రెయినులు. అంటే సుమారు నాలుగున్నర గ్రాములు. ఏడువేల గ్రెయినులు ఒక పౌను. పెద్దాయన పోత పోసుకున్న గుండ్లు ఒక్కొక్కటి 500 గ్రెయినులు, అంటే ముప్పయిరెండు గ్రాములు. ఇరవై పాళ్ళ సీసానికి ఒక పాలు తగరం. గుండు చుట్టూ ఉన్న గాళ్ళలో తేనెమైనమూ పశువుల కొవ్వూ కలిపిన జిడ్డు నింపుతారు. ఆ వాసన తగలగానే నాకు 1857 జ్ఞాపకం వచ్చింది. ఎన్‌ఫీల్డు తుపాకి తూటాలకు పూసిన కొవ్వు ఆవుదనీ పందిదనీ వ్యాపించిన మాటే కదా, సిపాయిల గుండెలలో అప్పటికే రగులుతున్న అసంతృప్తిని మంటగా లేపినది!

ఆయన వాడేది పాతకాలపు నల్లమందు. సూరేకారం డెబ్బయియైదు పాళ్ళు, బొగ్గు పదిహేను, గంధకం పది. 1884లో ఫ్రాన్సు దేశపు రసాయనవేత్త పాల్ వియే పొగరాని మందును కనిపెట్టాడు. బలమైన ఆ మందును ఈ ముసలి గొట్టంలో విచక్షణ లేకుండా పోస్తే ప్రాణానికే ముప్పు. నల్లమందు కాలితే దానిలో సగానికి పైగా పొగగాను, మసిగాను మిగులుతుంది. అందుకే ఒక్కొక్క గుండు పేలగానే గొట్టం వెనుకనుంచి ఒక రబ్బరు గొట్టం పెట్టి నోటితో మూడుసార్లు ఊదుతారు. ఊపిరిలోని తేమకు మసి మెత్తబడుతుంది. లేకుంటే పది గుండ్లకే గురి చెడుతుంది.

ఆయన మందును ఒక్కొక్కసారి తూచి, రెండడుగుల పొడవున్న సన్నని గొట్టంగుండా డొల్లలోకి జారవిడుస్తున్నారు. అంత ఎత్తునుంచి పడితే రేణువులు బిగువుగా సర్దుకుంటాయట. మూడు రకాలు చేస్తున్నారు. గుండు, ప్రైమరు, అట్టబిళ్ళ అన్నీ ఒకటే. మందు మాత్రం రెండేసి గ్రెయినుల తేడా. వచ్చే నెల జరిగే పోటీకి వాటిలో ఏది తగినదో తేల్చుకోవడమే మరునాటి పరీక్ష. మొదటి రెండు రకాలు అంతకు ముందు సాయంకాలాలలోనే తయారయినాయి. నేను వెళ్ళినది మూడవ రకం నాటికి.

అప్పుడు నేను నోరు తెరిచాను. ఈ మందులోని సూరేకారం ఒకప్పుడు మా దేశంనుంచే వచ్చేదని చెప్పాను. బీహారు నేలలో ఉప్పు పొంగిన మట్టిని నోనియా కులస్థులు గోకి, నీటిలో కరిగించి, మరగించి తీసిన సూరేకారాన్ని పాట్నా రేవునుంచి పడవలలో కలకత్తాకు, అక్కడనుంచి ఇంగ్లండుకు ఈస్టిండియా కంపెనీ తరలించిందనీ, ఐరోపాలో జరిగిన యుద్ధాలలో ఆ బీదవాళ్ళ చెమట పేలిందనీ ఉత్సాహంగా చెప్పుకుపోయాను. ఆయన ఎంతో శ్రద్ధగా విన్నారు. చేతులు పని చేస్తూనే ఉన్నాయి. మనస్సు పాట్నాలో ఉన్నది.

మైదానం

మరునాటి ఉదయం ఏడింటికి మైదానంలో ఉన్నాము. ఉత్తర హిందూస్థానంలో చాందమారీ అనేది ఇటువంటి స్థలాన్నే. ఒక పక్కన సిమెంటు బల్లల వరుస, ఎదురుగా దూరాన ఎత్తయిన మట్టికట్ట. నా చెవులకు దిమ్మలు, కళ్ళకు అద్దాలు తగిలించారు. నియమాలు మొదటే చెప్పారు: గొట్టం ఎప్పుడూ మట్టికట్ట వైపే ఉండాలి, కాల్చే క్షణం వరకు వేలు మీటమీదకు పోరాదు, "ఆపండి" అని ఎవరు అన్నా, పసివాడు అన్నా సరే, అందరూ ఆపాలి.

రెండువందల మీటర్ల దూరంలో కాగితాలు నిలిపారు. బల్ల ముందు గుండు వేగాన్ని కొలిచే యంత్రం పెట్టారు. సెకండుకు పదకొండువందల అడుగుల పైచిలుకు వేగం. పొగరాని మందు వాడే నేటి రైఫిళ్ళతో పోలిస్తే అది సగమైనా కాదు. "ఎంత వేగం అన్నది కాదు, అన్నీ ఒకే వేగంతో పోతున్నాయా అన్నది చూడాలి" అన్నారాయన. కాల్చడం, తెరవడం, ఊదడం, గాలి జెండాల వంక చూడడం, వేగాన్ని పుస్తకంలో వ్రాయడం, మళ్ళీ ఒక తూటా. గుండుకూ గుండుకూ నడుమ రెండు నిమిషాలు. ఒలింపిక్స్‌లో మనవాళ్ళు ఎయిర్ రైఫిల్ పోటీలలో పతకాలు తెచ్చినది కూడా ఈ పద్ధతిలోనే కదా అని నాకు తోచింది. 2008లో బీజింగులో స్వర్ణం గెలిచిన అభినవ్ బింద్రా, 2012లో లండనులో కాంస్యం గెలిచిన, హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ పట్టిన తుపాకులలోనూ ఒక్కసారికి ఒక్క గుళికే ఉంటుంది. పది మీటర్ల దూరాన అర మిల్లీమీటరు చుక్క వారి గురి.

మొదటి రకం తూటాలు అయిదూ అయిదంగుళాల మేర చెదిరినాయి. రెండవ రకం మూడున్నర అంగుళాలలో పడినాయి. మూడవ రకం ముత్తాత తుపాకిలో పెట్టగా, మొదటి మూడు గుండ్లూ ఒకదాని అంచు ఒకటి తాకుతూ పడినాయి. దూరదర్శినిలో చూసి పెద్దాయన పసివానివలె నవ్వారు. "దొరికింది" అన్నారు.

నాలుగవది పేల్చినప్పుడే ఆ బిరడా చప్పుడు.

నిమిషం గడిచాక ఆయన దిమ్మ తెరిచారు. డొల్ల లోపల శుభ్రంగా ఉన్నది; మసి లేదు. గొట్టంగుండా వెలుతురు కనబడలేదు. మైదానంలో అందరూ కాల్పులు ఆపగా, ఇత్తడి కడ్డీని మూతినుంచి మెల్లగా జార్చారు. కడ్డీ చివరివరకు పోలేదు. గుండు గొట్టంలోనే ఇరుక్కుని ఉన్నది.

జరిగినదేమిటో ఆయన నిదానంగా వివరించారు. ఆ తూటాలో మందు లేదు. ప్రైమరు ఒక్కటే పేలి, గుండును రెండు మూడంగుళాలు ముందుకు నెట్టి వదిలివేసినది. చప్పుడులోని తేడా గమనించక మరొక తూటా పెట్టి పేల్చి ఉంటే, వెనుక గుండు ముందు గుండును ఢీకొని గొట్టం ఉబ్బిపోయేది, పగిలినా పగిలేది. నూటయాభై యేళ్ళ తుపాకి పోయేది. ఆయన ముఖం, ఆయన పక్కన నిలబడ్డ నా ముఖం, ఆ ఉక్కు ముక్కలకు జానెడు దూరంలో ఉన్నాయి.

"నిన్న నేను మాట్లాడి ఉండకపోతే..." అని మొదలుపెట్టాను.

"మీరు మాట్లాడారు. విన్నది నేను. చేయి నాది" అన్నారాయన. "డొల్లలన్నీ నింపాక, అట్టబిళ్ళలు పెట్టేముందు దీపం వేసి ప్రతిదానిలోకి తొంగిచూడాలి. నలభై యేళ్ళుగా చేస్తున్నాను. నిన్న చేయలేదు. బిళ్ళను అదిమేటప్పుడు చేతికి తెలియవలసినది, తెలియలేదు."

కడ్డీతో తట్టి గుండును వెనక్కి తీశారు. మూడవ రకంలో మిగిలిన ఆరు తూటాలనూ బల్లమీద వరుసగా పెట్టి త్రాసులో తూచారు. మందు లేని తూటా నాలుగు గ్రాములకు పైగా తేలికగా ఉండాలి. ఆరూ సరిగ్గానే తూగినాయి. మూడు గుండ్లు ఒకేచోట పడిన రకం అది. నెలల తరబడి ఆయన వెదికినది అదే. కాలుస్తారని అనుకున్నాను. ఆయన ఆరింటినీ డబ్బాలో పెట్టి, మూతమీద ఎఱ్ఱ సిరాతో పెద్ద అడ్డగీత గీశారు.

"త్రాసు సరే అన్నది కదా?" అన్నాను.

"త్రాసు మందు ఉన్నదని చెబుతుంది. ఆ సాయంకాలం నేను ఇంకేం మరిచానో చెప్పదు. ఇంటికి వెళ్ళి విప్పి, మళ్ళీ మొదటినుంచి చేస్తాను."

నా బల్లమీద ఉన్న సీసం

తిరుగు ప్రయాణంలో ఆయనకు ఒక సంగతి చెప్పాను. ఇంతవరకు ఎవరితోనూ చెప్పనిది. ఇరవై యేళ్ళ క్రితం ఒక పురుగుమందు వాడకం గురించిన కరపత్రం తెలుగు చేశాను. మధ్యలో టెలిఫోను వచ్చింది. మాట్లాడి వచ్చి తరువాతి వాక్యం అందుకున్నాను. "వేరొక మందుతో కలపరాదు" అనవలసినచోట "కలపవచ్చును" అని వ్రాసి ఉన్నాను. ఒక్క "రాదు" పోయింది. అచ్చుకు పోయేముందు ప్రూఫులు దిద్దే ముసలాయన దానిని పట్టుకున్నాడు. లేకుంటే ఏ రైతు చేనులో, ఏ ఇంట్లో ఏమయ్యేదో! నేను అప్పుడు టెలిఫోనును తిట్టుకున్నాను. చేయి నాదని అనలేదు.

పెద్దాయన కారు నడుపుతూ చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత "ఆ ముసలాయన మీకు దీపం వేసి చూశాడు" అన్నారు.

ఆ మధ్యాహ్నం బయలుదేరేముందు ఆయన రెండవ రకం తూటా ఒకటి షార్ప్స్ రైఫిలులో పెట్టి, అయిదువందల మీటర్ల దూరాన ఉన్న ఇనుప పొట్టేలు బొమ్మకు గురిపెట్టారు. పొగ విడిపోయింది. గుండు అంతదూరం పోవడానికి సుమారు ఒకటిన్నర సెకండు. చప్పుడు తిరిగి రావడానికి మరొక ఒకటిన్నర. ఆ మూడు సెకండ్లూ మేమిద్దరమూ ఊపిరి బిగబట్టి నిలబడ్డాము. అప్పుడు దూరాన గుడి గంట వంటి మ్రోత ఒకటి సన్నగా వినవచ్చింది.

గొట్టంలో ఇరుక్కున్న సీసపు గుండును ఆయన నాకే ఇచ్చారు. గొట్టపు మెలికల గాళ్ళు దాని ఒంటిమీద చక్కగా అచ్చుపడి ఉన్నాయి. ఇప్పుడది నా వ్రాతబల్లమీద, నిఘంటువు పక్కన ఉంటుంది. పని మధ్యలో ఎవరైనా పిలిస్తే, ఆగిపోయిన మాటమీద దానిని నిలిపి లేస్తాను. తిరిగి వచ్చి కూర్చున్నాక, ముందు ఆ మాట చదువుకుని, ఆ తరువాతనే దానిని పక్కకు జరుపుతాను.